అందిన తేదీ

ల్యాబు పెద్దాయన్ని అందరూ చాటుగా తాళాల సారు అనేవాళ్లు. పరిశోధన ఫలితం వైద్య పత్రికలో అచ్చయ్యేదాకా కట్టుకున్నవాళ్లకి కూడా చెప్పకూడదన్నది ఆయన నియమం. మహానుభావుడు, బీరువాలకి సరే, మనుషుల నోళ్లకీ తాళాలు వేశాడు.

ఊరంతా కొత్త జ్వరంతో మూలుగుతున్న రోజులవి. ఒళ్లునొప్పులకి ఎడాపెడా ఇస్తున్న ఎర్ర మాత్రే ఈ జ్వరంలో లోపల రక్తస్రావం తెస్తోందని మొదట పట్టుకున్నది ఆ ల్యాబులో పనిచేసే ఒకామె. మూడు వందల మంది రోగుల రక్త పరీక్షలు ఒక్కొక్కటే సరిచూసి తేల్చింది. వ్యాసం పత్రికకి పంపిన రోజు ఆమె కాళ్లు నేల మీద ఆనలేదు.

పన్నెండో రోజున ఆమె అక్క ఫోన్ చేసింది.

"మీ బావకీ ఆ జ్వరమే, ఆస్పత్రిలో చేర్చామే. ఏవో ఎర్ర మాత్రలిస్తున్నారు."

చెల్లెలు కుర్చీలోంచి లేచిపోయింది. "వద్దక్కా! వెంటనే ఆపించెయ్యి!"

"ఊరికే ఆపమంటే ఆపుతారా? ఎక్కడ రాసుందో చూపించమంటారు కదా!"

రాసిన కాగితాలు ఆమె బల్ల మీదే ఉన్నాయి. పరుగున సారు గదికి వెళ్లింది.

"ఇంకో వారం ఓపిక పట్టమ్మా. ఇప్పుడు బయటికి పొక్కితే పత్రిక వాళ్లు అచ్చు వెయ్యరు. మన కష్టమంతా మట్టికొట్టుకుపోతుంది."

ఆయనా చెడ్డవాడేం కాదు, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. ఆమె తలూపింది. "నేను చెప్పానని చెప్పక్కా" అని మాత్రం ఫోన్‌లో అంది. ఎవరి మరదలో చెప్పిందని ఏ డాక్టరు మందు మారుస్తాడు? ఐదో రోజున బావ పోయాడు. ఆ మర్నాడు వ్యాసం అచ్చయింది.

కొన్నాళ్లకి అక్కే అడిగి ఆ పత్రిక తెప్పించుకుంది. ముప్పై ఏళ్లుగా ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి, అందరూ వదిలేసే చిన్నక్షరాలే ముందు చూస్తుంది. మొదటి పేజీ అడుగున, వ్యాసం పత్రికకి అందిన తేదీ దగ్గర ఆమె వేలు ఆగింది.

"ఆ రోజు మీ బావ చక్కగా పనికెళ్లాడే. సాయంత్రం నాతో పోట్లాడాడు కూడా. అప్పటికే ఇదంతా రాసిపెట్టి ఉందా?"

"ఉందక్కా."

"మరి డాక్టరు చూపించమన్నప్పుడు పంపలేదేం?"

"ముందే బయటపెడితే అచ్చు వెయ్యరట."

అచ్చు పనిలోనే తల నెరిసిన అక్కకి ఆ మాట అర్థం కాలేదు.

"వెయ్యకపోతే ఏమయ్యేదే?"

ఏమీ అయ్యేది కాదు. బావ ఉండేవాడు. ఆ మాట పైకి అనలేక చెల్లెలు వెక్కి వెక్కి ఏడ్చింది. అక్క మాత్రం ఏడవలేదు. జవాబు కోసం ఆమె మొహంలోకి చూస్తూనే ఉంది.