నాలుగో సీసా

పళ్ళ డాక్టరుగారికి పదకొండేళ్ళుగా ఒకటే కోరిక. ఏటా జరిగే వైన్ల పోటీలో జడ్జీల బల్ల దగ్గర తనకూ ఒక కుర్చీ వెయ్యాలి. వెయ్యాల్సింది ఆ పోటీ జరిపే వైను క్లబ్బు పెద్దాయన. ఆయన్ని ఎదురుగా సార్ అనీ, వెనకాల ముక్కుగారనీ అంటారు. గ్లాసులో ముక్కు పెట్టి అది ఏ సంవత్సరపు వైనో చెప్పేస్తారని పేరు. ఆయన చెప్పింది తప్పని తేల్చే ధైర్యం ఉన్నవాడు ఇంతవరకూ క్లబ్బులో చేరలేదు కాబట్టి ఆ పేరుకి ఢోకా లేదు.

ఈ ఆదివారం సాయంత్రం నాలుగింటికి ముక్కుగారూ, ఇంకో ఐదుగురు సభ్యులూ డాక్టరుగారింటికి వస్తున్నారు. ఒకే తోటలో పండిన ద్రాక్షతో చేసిన ఎర్ర వైను, ఆరు వేరువేరు సంవత్సరాలది, పన్నెండేళ్ళ వయసు దాని నుంచి ముప్పై ఏళ్ళ దాని దాకా వరసగా రుచి చూపించాలి. మెప్పిస్తే కుర్చీ. లేదంటే మళ్ళీ ప్రేక్షకుల్లో మూడో వరస.

ఆ మధ్యాహ్నం వైనులోకి చీజు కొనుక్కుని ఇంటికొచ్చిన డాక్టరుగారు నేలమాళిగలోకి దిగి చూస్తే వైను సీసాల అరలన్నీ ఖాళీ. దొంగలు పడ్డారని మెట్లెక్కి పరుగెత్తుకొస్తే, వెనక వరండాలో ఎండలో ఇరవై ఆరు సీసాలు తళతళా మెరుస్తూ నిలబడి ఉన్నాయి. పక్కనే అత్తగారు చీపురుపుల్లంత సన్నటి బ్రష్షుతో ఆఖరి సీసా మెడ తోముతోంది.

అత్తగారు ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్ళు హెడ్‌నర్సుగా చేసి రిటైరైన మనిషి. మురికి ఎక్కడుందన్నా ఆవిడకి నిద్రపట్టదు. కూతుర్ని చూడ్డానికని వచ్చి వారమైంది. ఇంట్లో కడగడానికి మిగిలింది ఆ నేలమాళిగ ఒక్కటే.

"వచ్చారా అల్లుడుగారూ! ఆ కింద గదిలో ఎన్నాళ్ళుగా ఎవరూ చెయ్యి పెట్టలేదో గాని, సీసాల మీద వేలెడు మందాన దుమ్ము. వచ్చేవాళ్ళు చూస్తే మా అమ్మాయినే కదా అంటారు? వేణ్ణీళ్ళలో సబ్బేసి నానబెట్టి తోమేశాను."

"లేబుళ్ళు... లేబుళ్ళేవీ?"

"ఆ కాగితాలా? సగం బూజు పట్టినవే. నానేసరికి వాటంతటవే ఊడొచ్చాయి. గుజ్జయిపోతే పారబోశాను."

డాక్టరుగారు మెట్టు మీద కూలబడ్డారు. ఆ దుమ్మంటే ఆయనకి ప్రాణం. చుట్టాలొస్తే ముందు దుమ్ము చూపించి, తరవాత సీసా చూపించేవారు. లేబుళ్ళ సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. ఆయన పాండిత్యమంతా వాటి మీదే రాసి ఉండేది.

"ఇంకో సంగతి కూడా చెప్పాలి అల్లుడుగారూ. విడిగా బల్ల మీద పెట్టుకున్నారే, ఆ ఆరింట్లో..."

"ఇంకేం చెప్పకండి! మీకు దణ్ణం పెడతాను, ఇంకొక్క మాట కూడా చెప్పకండి!"

అత్తగారు మాట మింగేసి, ఆ ఆరు సీసాలూ తెచ్చి ఆయన ముందు వరసగా పెట్టింది. ఆరూ ఆరు కవలపిల్లల్లా ఉన్నాయి. ఏది పన్నెండేళ్ళదో ఏది ముప్పై ఏళ్ళదో ఆ దేవుడికే తెలియాలి.

గొడవ విని వంటింట్లోంచి భార్య వచ్చింది. సంగతి విని, "దానికింత కంగారెందుకండీ?" అంది. "ఒక్కో చుక్క నోట్లో వేసుకుంటే మీకే తెలిసిపోదూ? ఇరవై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నారుగా."

ఆవిడ ఎత్తిపొడవలేదు. మొగుడి నాలుక మీద నమ్మకంతోనే అంది. అదే డాక్టరుగారికి ఇంకా గట్టిగా తగిలింది.

బిరడాల మీద సంవత్సరం ముద్ర ఉంటుంది కదా అని ఒక్కొక్కటీ తీసి చూశారు. పాతవేమో, కొన్ని పొడిపొడిగా రాలాయి, కొన్నింటి ముద్ర నల్లటి మరక కింద కలిసిపోయింది. నాలుగో సీసా బిరడా మాత్రం వేళ్ళతో లాగితేనే సుళువుగా వచ్చేసింది. దాని మీద ఏ ముద్రా లేదు. వయసు మీద పడితే బిరడాలు మెత్తబడతాయిలే అని తనకి తానే సర్దిచెప్పుకున్నారు. మూడింటికల్లా చెమటలు పట్టాయి. మూడున్నరకి ఒక ఉపాయం తట్టింది.

నాలుగింటికి ఆరుగురూ వచ్చి కూర్చున్నాక, డాక్టరుగారు గొంతు సవరించుకుని, "లేబులు చూసి మెచ్చుకోవడం ఎవరైనా చేస్తారు. మనలాంటివాళ్ళు నాలుకతో తేల్చాలి. అందుకే ఇవాళ లేబుళ్ళు నేనే తీసేశాను," అన్నారు.

ఆరు ముఖాల్లోనూ నెత్తురు చుక్క లేదు. పాపం, రాత్రంతా పుస్తకాలు తిరగేసి ఏ సంవత్సరానికి ఏమనాలో రాసుకొచ్చినవాళ్ళు. సభ్యుల్లో ఉన్న లాయరు జేబులోంచి సగం తీసిన చీటీని మళ్ళీ లోపలికి తోసేశాడు. అయినా అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టకపోతే భయపడ్డారనుకోరూ?

మొదటి సీసా పోశారు. గ్లాసులు గిరగిరా తిప్పారు, దీపానికెత్తి పట్టి చూశారు, పుక్కిలించారు, మధ్యలో పెట్టిన బకెట్లో ఉమ్మేశారు. మింగితే నాలుక మొద్దుబారుతుందట, అందుకని ఉమ్మడమే మర్యాద. జీవితమంతా పుక్కిలించి ఉమ్మండని రోగులకి చెప్పే డాక్టరుగారికి అందులో ఎవరూ సాటిరారు.

"పాత తోలు," అన్నారు ముక్కుగారు.

"వానకి తడిసిన ఆకులు," అన్నాడు లాయరు.

"పెన్సిలు చెక్కిన పొట్టు. వెనకాల కాస్త గుర్రపుశాల," అన్నాడు టైల్స్ వ్యాపారి. ఆయన జన్మలో గుర్రం దగ్గరికి వెళ్ళి ఎరగడు.

గుమ్మం దగ్గర తువ్వాలుతో నిలబడ్డ అత్తగారికి ఇవన్నీ తిట్లనే అనిపించింది. వాళ్ళ ముఖాల్లో ఆనందం చూసి, మెచ్చుకోలన్నమాట అని సర్దుకుంది. రెండోది, మూడోది కూడా ఇలాగే తోలూ, పొగాకూ, పుట్టగొడుగులతో గడిచిపోయాయి.

నాలుగోది పోశారు. మిగతావి ఇటుక రంగులో ఉంటే ఇది చిక్కగా, ఊదా రంగులో ఉంది. "ఈ వయసులో ఎంత యవ్వనం!" అన్నారు ముక్కుగారు, గొంతులో చిన్న అనుమానంతో.

డాక్టరుగారు ఒక గుక్క నోట్లోకి తీసుకున్నారు. తీసుకున్న మరుక్షణం ఆయన నాలుక, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఏ పుస్తకమూ ఏ లేబులూ లేకుండా ఠక్కున జవాబు చెప్పేసింది. ఇది వంటింటి అలమరలో ఉండే ఐదు లీటర్ల అట్టపెట్టె వైను. దానికి కింద ప్లాస్టిక్ కుళాయి ఉంటుంది. మాంసం కూరల్లో పొయ్యడానికని భార్య కొంటుంది. మంచి సీసాలు ఇంకా పక్వానికి రాలేదని దాచుకుంటూ, రోజూ క్లినిక్ నుంచి రాగానే ఆయన కాఫీ కప్పులో పట్టుకుని తాగేది ఇదే. పన్నెండేళ్ళ అలవాటు. పొరబడే ప్రశ్నే లేదు.

మింగలేక కక్కలేక అందరి వంకా చూశారు. అప్పుడు గమనించారు. ఎవరూ ఉమ్మలేదు. లాయరు కళ్ళు మూసుకుని హాయిగా గుటక వేశాడు. టైల్స్ వ్యాపారి ఖాళీ గ్లాసు పరాకున ముందుకి చాపి, తెలివి తెచ్చుకుని చప్పున వెనక్కి లాక్కున్నాడు. ముక్కుగారైతే అసలు వాసనే చూడలేదు. చొక్కా గుండీ ఒకటి విప్పుకుని, ఆఫీసు నుంచి ఇంటికొచ్చిన మనిషిలా కుర్చీలో వెనక్కి వాలారు. ఆ అట్టపెట్టె ఆరిళ్ళలోనూ ఉంది! అందరూ గుర్తుపట్టారు. గుర్తుపట్టామని చెబితే తాగుతున్నామని చెప్పినట్టే. అందుకే తోలూ లేదు, పొగాకూ లేదు, అందరూ తేలు కుట్టిన దొంగల్లా కూర్చున్నారు.

చివరికి ముక్కుగారే నోరు విప్పారు. "ఇది ఏ సంవత్సరమో డాక్టరుగారే సెలవివ్వాలి."

పదకొండేళ్ళ కోరిక ఆ ఒక్క జవాబు మీద నిలబడింది. డాక్టరుగారు నీళ్ళు నమిలి, "ముప్పై ఏళ్ళ కిందటిది సార్," అన్నారు.

గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. సరిగ్గా అప్పుడే అత్తగారు బకెట్ మార్చడానికి వచ్చింది.

"అయ్యో, అది కాదండీ," అంది ఆవిడ. "ఇందాక చెప్పబోతే మీరు వినలేదు అల్లుడుగారూ. తోముతుంటే ఆ సీసా బిరడా ఊడిపోయింది, ఉన్నదంతా తొట్లో ఒలికిపోయింది. ఖాళీగా ఉంటే మీరు బాధపడతారని మన వంటింటి పెట్టెలోది పోసి, వేరే బిరడా పెట్టాను. తప్పు నాదే."

ముక్కుగారి చూపు డాక్టరుగారి మీద ఆగింది.

డాక్టరుగారు నవ్వారు. "ఏమీ అనుకోకండి సార్. మా అత్తయ్యగారికి ఈమధ్య వయసు మీదపడి మతి నిలకడగా ఉండటం లేదు. జరగనివి జరిగాయంటారు."

"పాపం పెద్దావిడ," అన్నారు అందరూ, చాలా దయగా.

ముప్పై నాలుగేళ్ళు వార్డులో ఒక్క మాత్ర కూడా తేడా రానివ్వని మనిషి బకెట్ పట్టుకుని అల్లుడి వంక ఒక్క క్షణం చూసి, లోపలికి వెళ్ళిపోయింది. మిగిలిన రెండు సీసాలూ ఎవరికీ ఎక్కలేదు. వెళ్ళేముందు ముక్కుగారు డాక్టరుగారి భుజం తట్టి, "ఇలాంటి నాలుకే మాకు కావాలి. వచ్చే పోటీకి మీ కుర్చీ ఖాయం," అన్నారు.

తలుపు వేసి వెనక్కి తిరిగేసరికి భార్య నాలుగో సీసా అడుగున మిగిలింది గ్లాసులోకి ఒంపుకుని రుచి చూస్తోంది. గ్లాసు బల్ల మీద పెట్టింది.

"నాకు కూడా మతి పోయిందంటారా?"

"అది కాదే, ఆ పరిస్థితిలో..."

"రేపు పొద్దున్నే ఆయనకి ఫోన్ చేసి మా అమ్మ చెప్పింది నిజమని చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెబుతాను. నేనైతే కాఫీ కప్పు సంగతితో సహా చెబుతాను."

మర్నాడు క్లినిక్ తెరవకముందే, పక్కగదిలో అత్తగారు పెట్టె సర్దుకుంటున్న చప్పుడు వినలేక డాక్టరుగారు ఫోన్ తీశారు. సిగ్గుతో చచ్చిపోతూ ఉన్నదున్నట్టు చెప్పేశారు. తన అత్తగారి మతికి ఏ లోటూ లేదనీ, అబద్ధం తనదేననీ, ఆ నాలుగోది అట్టపెట్టెదనీ.

అవతల్నుంచి ముక్కుగారు చాలా నెమ్మదిగా అన్నారు. "తెలుసు డాక్టరుగారూ. మొదటి గుక్కకే తెలుసు. మీకూ తెలుసని మాకు తెలుసు. తెలిసి కూడా బయటపడలేదనే కదా మిమ్మల్ని తీసుకున్నాం? జడ్జికి కావాల్సింది అదే. ఇప్పుడు మీరే చెప్పేశారు. ఇంకేం చేస్తాం, వచ్చే ఏడు చూద్దాం లెండి."

ఫోన్ పెట్టేసి తలెత్తి చూస్తే గుమ్మంలో అత్తగారు.

"ఏమన్నారు అల్లుడుగారూ?"

"మీరు చెప్పిందే నిజమన్నారు. మీ మతి నిక్షేపంలా ఉందన్నారు."

"నా సంగతి నాకు తెలుసు," అంది అత్తగారు. "మీ గురించి ఏమన్నారు?"