చెరిపేసిన ఆకులు

రోమ్‌లో 'వెల్లూతో' అనే మగవాళ్ళ పత్రిక ఒకటి ఉండేది. ఎర్సీలియా అక్కడ పదిహేడేళ్ళుగా ఫొటోలకు మెరుగులు దిద్దేది. మచ్చ అయినా ముడత అయినా ఆమె సన్నటి కుంచె కింద మాయమైపోవాల్సిందే. మొదట్లో ఆ పత్రికకు ఫోజులిచ్చే మోడళ్ళే సరిపోయేవారు. రానురాను పాఠకులకు ఆ ఫొటోలు చప్పబడ్డాయి. పేరున్న తారలు కావాలన్నారు. తారలు ఒప్పుకుంటే సరే, లేదంటే గోడలెక్కే ఫొటోగ్రాఫర్లు ఉండనే ఉన్నారు.

1974 వేసవిలో సంపాదకుడు త్రెస్సీ ఒక ఫొటో తెచ్చి ఆమె బల్లమీద పెట్టాడు. నటి ఫియొరెంజా బాల్దూచి, సముద్రం పక్కన అద్దెకు తీసుకున్న ఇంటి డాబా మీద బట్టల్లేకుండా పడుకుని ఉంది. ఫొటోకు రెండు వైపులా మసగ్గా ఆకులు.

"ఈ ఆకులు తీసెయ్."

"పొదలో దాక్కుని తీశాడా సార్?"

"ఎక్కణ్ణుంచి తీస్తే నీకెందుకు? నీ పని నువ్వు చూసుకో."

మధ్యాహ్నానికల్లా ఆకులు లేవు. ఇప్పుడు చూస్తే ఆమె కెమెరా కోసమే పడుకున్నట్టుంది. దాని కింద 'మీకోసం ఫియొరెంజా స్వయంగా!' అని అచ్చువేశారు. ఆ సంచిక రెండు రోజుల్లో చాలావరకు అమ్ముడైపోయింది. ఫియొరెంజా కోర్టుకెక్కింది.

వాదనలు జరిగే రోజున ఎర్సీలియా పంటినొప్పి అని సెలవు పెట్టి, కోర్టులో చివరి బెంచీ మీద కూర్చుంది. ఎందుకెళ్ళిందో ఆమెకే సరిగ్గా తెలియదు.

పత్రిక లాయరు నవ్వుతూ లేచాడు. "రెండు సినిమాల్లో బట్టల్లేకుండా నటించారు కదమ్మా. ఊరంతా చూసింది. ఇప్పుడీ సిగ్గు కొత్తగా ఎక్కణ్ణుంచి వచ్చింది?"

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వులు ఆగేదాకా ఫియొరెంజా తొందరపడలేదు.

"సిగ్గు సంగతి కాదు సార్. ఆ సినిమాలకి, గదిలో ఎంతమంది ఉండాలో నేను చెప్పాను. కెమెరా ఎక్కడుండాలో చెప్పాను. నేను వద్దన్న షాటు తీసేశారు. మరి ఇక్కడ నన్నడిగిందెవరు?"

"నోటిమాటగా ఒప్పుకున్నారని మా సంపాదకులు అంటున్నారు."

"అబద్ధం."

ఆమె గొంతు వణకలేదు, తల వంగలేదు. ఎర్సీలియా బెంచీ మీద ముందుకు వంగింది. ఎన్ని వందల మంది ఆడవాళ్ళ భుజాలు, నడుములు తన కుంచె కింద నునుపు తేలాయో! వాళ్ళకొక గొంతు ఉంటుందని ఒక్కనాడూ అనుకోలేదు.

విరామంలో ఎర్సీలియా నడవాలోకి వెళ్ళి ఫియొరెంజా తరఫు లాయరును ఆపింది. "బాబూ, ఆ ఫొటోలో ఆకులుండేవి. చెరిపింది నేనే."

"జడ్జిగారి ముందు చెప్తారా? ఉద్యోగం పోతుందమ్మా."

"పోతుందని తెలిసే వచ్చాను."

చెప్పింది. నెగటివ్ తెమ్మని జడ్జి ఆదేశించారు. తెచ్చి వెలుతురుకు పెట్టి చూస్తే, రెండు వైపులా ఆకులు. త్రెస్సీ ముఖం పాలిపోయింది. మిగిలిన కాపీలు వెనక్కి తీసుకోవాలనీ, మొదటి పేజీలో క్షమాపణ వేయాలనీ తీర్పు వచ్చింది. అమ్ముడైపోయిన కాపీలు మాత్రం మరో ఏడాదిపాటు మంగలి షాపుల్లో చేతులు మారుతూనే ఉన్నాయి. ఆ సంగతి తెలిసినా ఫియొరెంజా తాను వేస్తున్న నాటకాల్లో ఒక్కటీ మానుకోలేదు. ఎప్పట్లాగే తలెత్తుకుని వేదిక ఎక్కింది.

ఎర్సీలియా ఉద్యోగం సాక్ష్యం చెప్పిన సాయంత్రమే పోయింది. తీర్పు వచ్చిన మూడు వారాలకు, పెళ్ళి ఫొటోల స్టూడియోలో కొత్త పనికి కుదురుకున్నాక, ఒక ఆదివారం ఎవరో తలుపు తట్టారు. తీస్తే ఎదురుగా ఫియొరెంజా, చేతిలో పీచ్ పళ్ళ సంచీతో ఆయాసపడుతూ.

"నిజం చెప్పనా? ముందు మిమ్మల్ని కసితీరా తిట్టాలనుకున్నా. ఆ ఆకులు చెరిపింది మీరే కదా."

"తిట్టండమ్మా. పడతాను."

ఫియొరెంజా గుమ్మానికి ఆనుకుని ఫక్కున నవ్వింది. "నాలుగంతస్తులు ఎక్కేసరికి తిట్టే ఓపిక పోయింది. కాస్త కాఫీ పెట్టండి, కూర్చుని మాట్లాడుకుందాం."