ఆకులో గీత

నీళ్లు చిలకరించగానే అడ్డాకు వాసన లేస్తుంది.

ఎండిన ఆకు. ఏజెన్సీ కొండల్లో ఎక్కడో కోసి, ఎండబెట్టి, పుల్లలతో గుండ్రంగా కుట్టిన ఆకు. ఎన్నాళ్లు ఎండినా సరే, ఒక్క నీటిచుక్క పడితే చాలు — దానికి అడవి గుర్తొస్తుంది. పచ్చి వాసన. కొంచెం వగరు వాసన.

కన్యాకుమారి అరచేత్తో ఆకు తుడిచి, వంటింట్లో గోడవారగా పరుస్తుంది.

ఒక్క ఆకు.

ఇద్దరు మనుషులు… ఒక్క ఆకు.

విజయనగరంలో ఉల్లివీధి వెనక సందులో వాళ్ల అద్దె ఇల్లు. ముందు అరుగు, ఒక గది, ఒక వంటిల్లు. పెరట్లో నుయ్యి ఉంది గానీ అది పక్కింటివాళ్లతో ఉమ్మడి. భర్త నగరేశ్వరరావుకి గంటస్తంభం దగ్గర బెల్లం, నువ్వుల కొట్టు. అసలు కొట్టు రాజాంలో ఉంది. అక్కడ మామగారూ, బావగార్లూ చూసుకుంటారు. ఇది దాని పిల్ల. ఇంట్లో అందరూ పిల్లకొట్టు అనే అంటారు. పిల్లకొట్టుకి చిన్నకొడుకుని పంపారు. చిన్నకొడుక్కి వండిపెట్టడానికి చిన్నకోడల్ని పంపారు.

వండిపెట్టడానికి — అంతే అన్నారు.

ఆమె వండుతుంది. ఉదయం పెసరపప్పు, చారు. సాయంత్రం ఏదో ఒక కూర. పనసకాయలొచ్చే రోజుల్లో పనసపొట్టు, ఆవ పెట్టి. ఆవ ఘాటు ముక్కుకి తగలాలి, కంటికి నీళ్లు రాకూడదు. అంతవరకే నూరాలి. ఆ కొలత ఆమెకి ఆమదాలవలసలో అమ్మ నేర్పింది. యుద్ధం ఆగిపోయింది, పంచదార మాత్రం ఇంకా రేషనే. అందుకని కాఫీలో బెల్లం. బెల్లం కొట్టువాళ్లకి బెల్లానికి లోటేమిటి? అతను కొట్టునుంచి వచ్చినప్పుడు చొక్కా కూడా బెల్లం వాసనే.

"చీమలు నిన్నే పట్టుకుపోతాయి బావా, ఒకరోజు."

"పట్టుకుపోతే వెతుక్కుంటూ రా. దారంతా చీమల గీత ఉంటాది."

అతను ఆమెకి వరసకి బావ. నలుగురిలో 'ఏమండీ' అంటుంది. నాలుగు గోడల మధ్య బావ.

అప్పుడప్పుడు సినిమా.

అతను ముందు. ఆమె కాస్త వెనక. మూడు లాంతర్ల కూడలి దాకా అలాగే నడుస్తారు, వీధి చూస్తుంది కదా. కోట గోడ పక్కకి రాగానే అతని చెప్పులో రాయి పడుతుంది. వంగుతాడు. దులుపుకుంటాడు. ఆమె వచ్చి కలుస్తుంది. ప్రతిసారీ అక్కడే. ప్రతిసారీ అదే రాయి.

హాల్లో ఆడవాళ్ల బెంచీలు వేరు. మధ్యలో ఒక గుడ్డతెర. కలిసి వచ్చినవాళ్లు విడిపోయి కూర్చుంటారు. తెరకి ఇవతల ఆమె, అవతల అతను. బొమ్మ ఒక్కటే. నవ్వులు రెండు.

"నువ్వు నవ్విన చోట నాకు నవ్వు రాలేదు," అన్నాడొకసారి, తిరిగి వస్తూ, వేరుశనక్కాయలు ఒలుస్తూ. "నువ్వు నవ్వేవని నవ్వేశాను."

"అంతమంది ఆడవాళ్లలో నేనే అని ఎలా తెలిసింది?"

"ఎక్కిళ్లొచ్చినట్టు నవ్వేది ఇంకెవర్తి?"

ఆమె పొట్లం లాక్కుంది. ఇల్లు వచ్చేదాకా ఇవ్వలేదు.

ఇంతే వాళ్ల సరదా. ఇంతకన్నా పెద్దదేం కాదు.

ఒక్కటి తప్ప… ఆకు.

పెళ్లిలో బూవం బంతి అని ఒకటుంటుంది. పెళ్లికొడుకునీ పెళ్లికూతుర్నీ ఒకే ఆకు ముందు కూర్చోబెడతారు. చుట్టాలు చుట్టూ చేరి, నువ్వు పెట్టు, నువ్వు తిను అని గోల చేస్తారు. ఇద్దరూ ఒకే ఆకులో తింటారు, ఆ ఒక్క పూట. తరవాత ఆ ఆకు ఎత్తేస్తారు.

మళ్లీ వెయ్యరు.

రాజాం ఇంట్లో మగవాళ్ల బంతి ముందు. పిల్లల బంతి తరవాత. అన్నీ అయ్యాక, అందరూ చేతులు కడుక్కున్నాక, వంటింట్లో ఆడవాళ్లు. కాపరానికి వెళ్లిన కొత్తలో కన్యాకుమారి భర్త తినగా చూడలేదు. అతను లేచి వెళ్లిపోయాక, ఆకు తియ్యడానికి వచ్చినప్పుడు ఆకుని చూసేది. వంకాయ ముచ్చికలు ఒక పక్కకి నెట్టి ఉండేవి. ఊరగాయలోని మెంతిబద్దలు వరసగా పేర్చి ఉండేవి. ఓహో, మెంతులు పడవన్నమాట.

ఆకుని చూసి మనిషిని తెలుసుకోవడం. ఆ ఇంట్లో ఆడవాళ్లందరూ అలాగే తెలుసుకున్నారు.

విజయనగరం వచ్చిన కొత్తలో ఒకనాడు ముసురు పట్టింది. ఆకులమ్మే అసిరమ్మ రాలేదు. ఇంట్లో ఒక్క ఆకే మిగిలింది. ముందు మీరు తినండి అంది. ముందు నువ్వు తిను అన్నాడు. అన్నం చల్లారిపోతోంది. బయట వాన ఆగటం లేదు. అతను వేలితో అన్నం మధ్యన గీత గీశాడు.

"ఇటు రాజాం. అటు ఇజీనారం. ఎవరి ఊళ్లో వాళ్లు తిందాం. రా, కూర్చో."

ఆమె కూర్చుంది.

అతను పప్పు కలిపేటప్పుడు కళ్లు సగం మూస్తాడని ఆ రోజే తెలిసింది. అప్పడం మొదట తినేస్తాడనీ, తరవాత ఆమె అప్పడం వైపు చూస్తాడనీ. ముద్దకీ ముద్దకీ మధ్య కబుర్లు చెబుతాడనీ. మెంతులు పడవని కాదు, చివర్లో తిందామని దాచుకుంటాడనీ, రాజాంలో వెనక బంతివాళ్లు తొందరపెడితే వదిలేసి లేచిపోయేవాడనీ.

ఆకు చెప్పినదంతా తప్పే.

ఆ తరవాత వాన వెలిసింది. అసిరమ్మ వచ్చింది. ఆకులు వచ్చాయి. ఆమె మాత్రం పూటకి ఒక్కటే పరిచింది.

సాయంత్రం కొట్టు కట్టేసి గడపలో అడుగుపెడుతూ అతను గొంతు తగ్గించి అడుగుతాడు — "బూవమేనా?"

"బూవమే."

గీత గీస్తాడు. గీత దాటి వస్తాడు. ఆమె చేతిమీద ఒకటి వేస్తుంది.

అలా నడుస్తుండగా, చలి వెళ్లి ఎండ ముదురుతున్న రోజుల్లో, రాజాం నుంచి అత్తగారు దిగింది.

బొగ్గు బస్సులో వచ్చింది అప్పలనరసమ్మ. పెట్రోలు లేక, వెనక బొగ్గు పొయ్యి పెట్టుకుని నడిచే బస్సు. ఎత్తు వచ్చినచోట అందరూ దిగి నడిచారట. ముఖంమీద మసి, జరీ అంచుమీద మసి. అరుగుమీద కూర్చుని మొహం కడుక్కుంటూనే వచ్చిన పని చెప్పేసింది. దాచుకునే మనిషి కాదు.

"సినిమాలకి తిరుగుతున్నారట. మనూరోళ్లు చూసి చెప్పేరు. పిల్లవి, ఒక్కర్తివీ సంసారం చెయ్యగలవో లేదో చూసి వెళ్తాను. కుదిరితే ఉండు. లేపోతే మూట సర్దు, నాతో వచ్చీ. వాడికి పూటకూళ్లమ్మ ఉన్నాది."

చాలా మామూలుగా చెప్పింది. చెప్పి, తువ్వాలు అడిగింది.

కన్యాకుమారి తువ్వాలు ఇచ్చింది. వంటింట్లోకి వెళ్లి ఆకుల కట్ట ముందు కూర్చుంది.

రాజాం అంటే… మళ్లీ మనిషి కాదు, ఆకు. ఆకు మాత్రమే.

ఆ పూట ఒక్క ఆకు కాదు, మూడు పరిచింది. అతనికి గదిలో. తరవాత అత్తగారికీ తనకీ వంటింట్లో. అతను గడపలో ఆగి ఏదో అడగబోయి, తల్లిని చూసి, కాళ్లు కడుక్కోడానికి వెళ్లిపోయాడు. మాట్లాడకుండా తిన్నాడు. మాట్లాడకుండా లేచాడు.

అత్తగారు చారు రుచి చూసింది. పోపుల పెట్టె మూత తీసి చూసింది. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి పురుగు ఉందా అని వెతికింది. లేదు. నూతి చుట్టూ గచ్చు పళ్లెం మీద పాచి ఉందా అని చూసింది. అదీ లేదు. బాగుందనలేదు. బాగులేదనలేదు.

మర్నాడు పొద్దున్న అసిరమ్మ వచ్చింది. నెత్తిమీద ఆకుల కట్ట.

"ఆకులమ్మా…!"

అప్పలనరసమ్మే అరుగుమీదకి వెళ్లింది. కట్ట దింపించి, ఒక్కొక్క ఆకూ వెలుగుకి ఎత్తి, చిల్లులున్నవి పక్కన పెడుతోంది.

"ఇన్నేటికమ్మా?" అంది అసిరమ్మ. "నీ కోడలు పూటకి ఒక్కాకే కదేటి తీసుకుంతాది. నానే అడిగినాను, ఇద్దరున్నారు కదా, ఒక్కాకేటి తల్లీ అని. నవ్వీసి ఊరుకున్నాది."

వంటింట్లో కన్యాకుమారి చేతిలో గరిటె ఆగిపోయింది.

కాసేపటికి అడుగుల చప్పుడు. అత్తగారు గుమ్మంలో నిలబడింది. ఆమె ముఖం ఎప్పుడూ చూడని తీరుగా ఉంది — మెత్తగా.

"ఏటే కుమారీ… వాడు తిని లేచిన ఆకులోనే తింతన్నావా నువ్వు?"

కన్యాకుమారి తలెత్తలేదు.

"మా అమ్మ అలాగే తినేది," అంది అప్పలనరసమ్మ. "మా నాన్న తిన్న ఆకులో. అదే ప్రసాదం అనేది. నాకు మాత్రం వల్లకాలేదే. చల్లారిపోయిన మెతుకులు… వల్లకాక, కొత్తాకు వేసుకున్నాను. మా అత్త అన్న మాటలు ఇంకా చెవిలో ఉన్నాయి." ఆగింది. "ఈ కాలంలో, ఈ వయసులో, ఎవరూ చూడని ఇంట్లో… ఎవరు చెప్పేరే నీకు?"

అవునని అనలేదు కన్యాకుమారి.

కాదనీ అనలేదు.

"మూట సర్దక్కర్లేదులే," అంది అత్తగారు. "రేపు నేనొక్కదాన్నే వెళ్తాను. సినిమాల మాట ఎత్తినోళ్ల నోటికి ఇదే తాళం."

గెలిచినట్టే. అడక్కుండా ఇల్లు చేతికొచ్చినట్టే. అయినా పొద్దుటంతా కన్యాకుమారికి పనస జిగురు చేతికి అంటుకున్నట్టు, కడిగినా వదలనట్టు ఉంది. ఆవ ఎక్కువ నూరింది. కళ్లలో నీళ్లొచ్చాయి. ఆవ వల్లే అనుకుంది.

మధ్యాహ్నం అతను భోజనానికి రాలేదు. సంతరోజు. కొట్టు వదల్లేడు. పొద్దుటి సంగతి అతనికి చెప్పడానికి వీలు దొరకలేదు. సాయంత్రం వచ్చేసరికి తల్లి వంటింట్లో పీట వేసుకుని కూర్చుని ఉంది. గోడవారగా ఒక్క ఆకు. తనే పరిపించింది.

అతను ఆకుని చూశాడు. భార్యని చూశాడు. ఆమె కళ్లతో ఏదో చెప్పాలని చూసింది. కళ్లలో అంత మాట పట్టదు.

"కూర్చోరా," అంది తల్లి. "సిగ్గెందుకు? నాకంతా తెలిసిపోయింది."

"తెలిసిపోయిందా?"

"అసిరమ్మ చెప్పీసింది. ఒక్కాకని."

అతని చెవులు ఎర్రబడ్డాయి. తరవాత, మెల్లగా, ముఖమంతా విప్పారింది — భయపడినదేదో భయపడాల్సినదే కాదని తెలిసిన పిల్లాడిలాగ.

"నీకు కోపం లేదా అమ్మా?"

"కోపమేటి? నాకు కడుపు నిండిపోయింది."

కన్యాకుమారి అన్నం వడ్డించింది. పప్పు. పనసపొట్టు. చెయ్యి ఆపాలని ఉంది. ఎలా ఆపాలో తెలియలేదు.

అతను వేలితో అన్నం మధ్యన గీత గీశాడు.

రోజూ గీసినట్టే. కూర కూడా అటు సగం, ఇటు సగం సర్దాడు. అప్పడం విరిచి, పెద్దముక్క అటు పెట్టాడు. పీట కొంచెం పక్కకి జరిపి, తలెత్తి —

"ఏటి అలా నిలబడ్డావు? రా, కూర్చో. చల్లారిపోతాది."

అప్పలనరసమ్మ ఆ గీతని చూసింది.

ఎన్నేళ్లుగానో ఆకులు చూసిన కళ్లవి. ఎవరు ఏది వదిలేశారో, ఎవరు ఎందుకు వదిలేశారో చదివిన కళ్లు. ఇలాంటి ఆకు చూడలేదు. తిని వదిలేసింది కాదు. ఇంకా ఎవరూ ముట్టుకోనిది. ముందే పంచుకున్నది.

"ఈ గీతేటిరా?"

"ఇటు రాజాం," అన్నాడు అతను, ఇంకా నవ్వుతూనే. "అటు ఇజీనారం."

అప్పుడు భార్య ముఖం చూశాడు. నవ్వు ఆగిపోయింది.

వంటింట్లో పొయ్యి చిటపటలాడింది.

"అత్తయ్యా," అంది కన్యాకుమారి. "పొద్దున్న మీరన్నది కాదు. మేమిద్దరం కలిసి తింటాం. ఒకేసారి. వేడిగా."

గొంతు చిన్నదే. మాట మాత్రం తడబడలేదు.

అప్పలనరసమ్మ లేచింది. మోకాలిమీద చెయ్యి వేసి, గోడ పట్టుకుని, నెమ్మదిగా. పీట తీసి గోడకి చేరేసింది. కోడలి పక్కనుంచి నడిచింది. కోడల్ని చూడలేదు. గుమ్మం దగ్గర ఆగి, ఇటు తిరక్కుండానే అంది —

"తలుపు దగ్గరకెయ్యండి. ఈదిలోకి అవుపడతాది."

కోపమో. పరువో. ఇంకేదో.

తలుపు తనే దగ్గరికి లాగేసింది. అరుగుమీద ఆమె కూర్చున్న చప్పుడైంది.

ఆకు ముందు అతను. చెయ్యి ఇంకా అన్నం మీద పెట్టలేదు. కన్యాకుమారి నిలబడే ఉంది. రేపు రాజాం బస్సుకి ఒకరో, ఇద్దరో… తెలియదు. చెప్పేసిన మాట చెప్పేసినట్టే. వెనక్కి తీసుకోవాలని అనిపించలేదు.

ఆమె కూర్చుంది. తన వైపు.

వీధిలో ఎవరో ఆగినట్టున్నారు. తలుపు అవతల పక్కింటావిడ గొంతు.

"ఏటమ్మా, చీకటి పడుతుంటే బయట కూచున్నారు? లోపల ఎవరూ లేరేటి?"

గాజుల చప్పుడు తలుపుకి దగ్గరగా జరిగింది.

"ఉన్నారు," అంది అప్పలనరసమ్మ. "పిల్లలు బువ్వ తింతన్నారు."

అంతే అంది.

లోపల ఇద్దరూ ముద్ద కలపడం మరిచిపోయి విన్నారు. తలుపు సందులోంచి గాలి వచ్చింది. ఇంకా తడి ఆరని ఆకు అంచు లేచింది… అడవి వాసన. ఎవరి వైపు లేచిందో చూసుకోకుండా, ఇద్దరూ ఒక్కసారే చెయ్యి వేసి పట్టుకున్నారు —