రెండు బూడిద కుందేళ్లు

తిరుమలలో తలనీలాలిచ్చి పలమనేరుకు తిరిగొచ్చిన సాయంత్రమే మునిరత్నమ్మ పెరట్లో కుందేలు గూడు తలుపు తీసింది. లోపల బూడిదరంగు మగకుందేలు తీరిగ్గా గడ్డి నములుతోంది. దాన్ని ఒళ్లోకి తీసుకుని వీపు మీద ఉఫ్‌మని ఊదింది. బొచ్చు విచ్చుకుంది. అడుగున నలుపు, దాని పైన పసుపు పట్టీ.

"ఇది మనది కాదు," అంది మొగుడితో.

"అదే రంగు, అదే ఎత్తు. బస్సులో వచ్చిన అలుపు నీకు," అన్నాడు కుప్పుస్వామి.

"పైకి అదే రంగు. మనది చించిల్లా జాతి, దాని బొచ్చుకు నడుమ పట్టీ తెల్లగా ఉంటాది. సర్కారు ఫారం నుంచి తెచ్చినప్పట్నుంచి దువ్వతా ఉండేది నేను. నాకు తెలీదా?"

ఆయన తల దించుకున్నాడు. ఆమెకు విషయం అర్థమైంది. వీళ్లు కొండకు పోయినప్పుడు కుందేళ్లకు మేత వేసింది ఆయన అక్క పంకజాక్షి, ఆమె మొగుడు ఏకాంబరం. పక్క వీధిలో వాళ్లూ కుందేళ్లు సాకుతారు. కొనేవాళ్లేమో తెల్లపట్టీ జాతి పిల్లలే కావాలంటున్నారు.

"పోనీలే. అక్కతో తగువెందుకు?" అన్నాడు కుప్పుస్వామి.

మునిరత్నమ్మ కొంగు గుండు మీదికి లాక్కుని, కుందేలును బుట్టలో పెట్టుకుని బయల్దేరింది.

పంకజాక్షి గూళ్లకు అడ్డంగా నిలబడింది. "దాని మీద నీ పేరు రాసుండాదా మే? బూడిద కుందేళ్లన్నీ ఒకటే."

"ఒకటే అయితే మార్చుకునేదెందుకు వదినా?"

ఏకాంబరం నీళ్లు నమిలాడు. "మా ఆడకుందేళ్లను దాటించేదానికి తెచ్చినాంలేమ్మా. పని కాగానే ఇచ్చేస్తాం."

"అడిగుంటే నేనే తెచ్చిచ్చేదాన్నన్నా. చెప్పకుండా మార్చేసి, నాకు కండ్లు లేవనుకుంటే మాత్రం ఊరుకోను."

ఆమె వదినను దాటుకుపోయి తన కుందేలును బయటికి తీసింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఊదింది. ఒకదాంట్లో పసుపు. రెండోదాంట్లో అప్పుడే విచ్చిన పత్తికాయంత తెలుపు.

"సూడు వదినా."

పంకజాక్షి చూసింది. మొహం తిప్పుకుంది. "తీసుకుపో. మళ్లీ నా గడప తొక్కొద్దు."

"తొక్కను," అంది మునిరత్నమ్మ. పసుపు పట్టీదాన్ని అక్కడే వదిలి, తనదాన్ని బుట్టలో పెట్టుకుంది.

ఇంటికొచ్చేసరికి కుప్పుస్వామి వాకిట్లో ఉన్నాడు. "అక్క బాధపడుంటాది. రేపు పోయి మన కుందేల్ని ఆమెకే ఇచ్చేసి రా."

"ఇయ్యను. ఆమె వచ్చి అడిగితే ఇస్తా. అడక్కుండా ఎత్తుకుపోతే మళ్లీ పోయి తెచ్చుకుంటా. తినేదుంటే రా, సంగటి ఆరిపోతాది."

ఆయన రాలేదు. ఆమె ఒక్కతే కూర్చుని కడుపునిండా తినింది.