తవిటమ్మ గంప చెట్టెక్కిన సంగతి

నేను ఒక కోళ్ళ గంపను. మూతి విరవకండి. సింహాసనాలూ పల్లకీలూ మాత్రమే తమ సంగతులు చెప్పుకోవాలని ఎక్కడా రాసి లేదు. రాసి ఉన్నా నాకు చదువు రాదు. జ్ఞాపకం మాత్రం గట్టిది. వెదురు పొదలో ఉన్న రోజుల్లో ఏ గాలి ఎటు వీచిందో కూడా చెప్పగలను గానీ, వినడానికి మీకు ఓపిక ఉండద్దూ!

నన్ను అల్లినవాడు మేదర గవరయ్య. బద్దలు చీరుతూ పెళ్ళాంతో పోట్లాడాడు, అల్లుతూ రాజీపడ్డాడు. అందుకే నా అడుగు కాస్త వంకర, అంచు మాత్రం చక్కటి గుండ్రం. సంతలో తవిటమ్మ నన్ను అటు తిప్పి, ఇటు తిప్పి, మోకాలితో నొక్కి చూసి, "ఇది గంపేటి, జల్లెడ!" అని పదిమందిలో పరువు తీసింది. తీసి, నెత్తిన పెట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. మనుషులంతే. నచ్చినదాన్నే ఎక్కువ తిడతారు.

ఆ తర్వాత ఎనిమిదేళ్ళు నా బతుకు బోర్లానే గడిచింది. కోళ్ళ మీద బోర్లించి, ఎగిరిపోకుండా నా నెత్తిన ఓ రాయి పెట్టేది. కోడి కాళ్ళూ, నేలా తప్ప నాకు మరో లోకం తెలియదు; మిగతాదంతా పెరట్లో మాటలు విని తెలుసుకున్నదే.

మా ఊరు కొంగలపాలెం, సముద్రానికి దగ్గర. చలికాలం ముందు ఎక్కడెక్కడి నుంచో గూడబాతులు వచ్చి చింతచెట్ల మీద దిగుతాయి. గడ్డం కింద సంచీ వేలాడే పెద్ద పక్షులు. ఊరి వాళ్ళు వాటిని పురిటికి వచ్చిన ఆడపిల్లలంటారు. వాటి కోసం దీపావళికి టపాకాయలు కూడా మానేశారు. సొంత కోడలి ఊరి పేరు మరిచిపోతారు గానీ, ఏ కొమ్మ మీద ఏ బాతు ఎప్పుడు దిగిందో అడగండి, గుక్క తిప్పుకోకుండా చెబుతారు.

ఆ యేడు మార్గశిరంలో తుపాను వచ్చింది. తెల్లారి చూస్తే చెట్లకి ఆకుల్లేవు, గూళ్ళు లేవు. ఎగరడం రాని పిల్లలు బురదలో, చేలల్లో, నీళ్ళల్లో పడి ఉన్నాయి.

మధ్యాహ్నానికి అటవీశాఖ వాళ్ళు వచ్చారు. జీపు ఊరి బయటే బురదలో కూరుకుపోతే నడిచి వచ్చారు. పెద్దాయన కూర్మారావు భారీ మనిషి, నిచ్చెన మీద రెండో మెట్టు ఎక్కితేనే దేవుళ్ళందరినీ పిలుస్తాడు. కానీ ఆ మనిషే రొమ్ముల లోతు నీళ్ళల్లోకి దిగి, తన వానకోటులో పక్షిపిల్లల్ని చుట్టుకుని, తాను తడిసి ముద్దై వచ్చాడు. వెనక గార్డు లోలాక్షి. సన్నటి పిల్ల, చెట్టంటే భయం లేదు. తన ఇంటి రేకులు ఎగిరిపోయాయని ఫోను వస్తే, "రేకులు రేపు ఎతుక్కుంతాను, ఇప్పుడు ఒగ్గేయ్" అని పెట్టేసి మళ్ళీ చేలోకి దిగింది. రెండు రోజుల్లో ముప్పై ఎనిమిది పిల్లల్ని ఏరి బడి గదిలో పెట్టారు.

పిల్లలన్నీ పెట్టిన చేపల్ని మింగాయి, ఒక్కటి తప్ప. తవిటమ్మ పెరటి చెట్టు మీంచి పడిన పిల్ల అది. నోరు తెరవదు.

"ఇది మన సేతి తిండి తినదు అమ్మమ్మా. తల్లి వచ్చి పెట్టాల. ఈ సాయంత్రంలోగా పెట్టకపోతే దక్కదు" అంది లోలాక్షి, దాన్ని మా పెరట్లోకి తెచ్చి. "తల్లి ఆ కొమ్మ సుట్టూనే తిరుగుతోంది. అక్కడే ఓ గూడు కట్టి పెడదాం. గంప ఉందేటి?"

తవిటమ్మ నన్ను చూసింది. నేను కోళ్ళని చూశాను. "ఉంది గానీ, మళ్ళీ ఇచ్చీయాల" అంది.

ఇక చూడాలి నా వైభవం! పురిటిగది కదా అని నన్ను కడిగి, లోపలా బయటా పసుపు దట్టంగా పూసి, బొట్లు పెట్టి, అంచుకి వేపరెమ్మలు కట్టింది తవిటమ్మ. కూర్మారావు, "పోనీలే, పెద్దామె ముచ్చట" అన్నాడు. నడుముకి తాడు కట్టుకుని, నిచ్చెన మీదుగా లోలాక్షి చెట్టెక్కింది. కొబ్బరితాడుతో నన్ను కొమ్మకి బిగించింది, జన్మలో మొదటిసారి వెల్లకిలా! అబ్బ, పైన ఇంత ఆకాశం ఉందని నాకెవరూ చెప్పనేలేదు. ఒళ్ళో పుల్లలు పరిచి, వణుకుతున్న పిల్లని పెట్టి దిగిపోయింది.

తల్లి వచ్చింది. ఎదురు కొమ్మ మీద వాలి, మెడ వంచి నన్ను చూసింది. పెళ్ళికూతురిలా మెరిసిపోతున్నానని మురిసిపోయాను. అది బెదిరి ఎగిరిపోయింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. ఒళ్ళో పిల్ల మెడ వాల్చేసింది. నాకు మురిపెం దిగిపోయింది.

కింద లోలాక్షి నెమ్మదిగా అంది. "పసుపు, అమ్మమ్మా. మెరుపుకి బెదిరిపోతోంది."

"పసుపు సెడ్డదేటే గుంటా? నా కూతురి పురిటికి పుయ్యనేదా?"

"మనకి మంచిదే. దానికి కొత్త. దాని పాత గూడెలగుండేది? అంతా రెట్టలే కదా."

కోడి గడప తొక్కితే చీపురు విసిరే మనిషి తవిటమ్మ. అలాంటిది చెట్టు కింద కూర్చుని, తెల్లటి రెట్టల బురదని రెండు చేతులా బకెట్లోకి ఎత్తింది. "ఇదుగో, ఈ పసుపు పుయ్యి" అంది.

లోలాక్షి మళ్ళీ ఎక్కింది. తాడు ఒరుసుకుని అరచేతులు చీరుకుపోయి ఉన్నాయి. "జాగర్తమ్మా, జాగర్త" అని కూర్మారావు నిచ్చెనని కావలించుకుని నిలబడ్డాడు. లోలాక్షి వేపరెమ్మలు పీకేసి, నాకు నిలువెల్లా ఆ కంపు పూసింది. ఎనిమిదేళ్ళు కోళ్ళతో కాపురం చేసినదాన్నే, అయినా చచ్చినంత సిగ్గుపడ్డాను.

పొద్దు వాలుతుండగా తల్లి వచ్చింది. నా అంచు మీదే వాలింది. ఎంత బరువనుకున్నారు! గవరయ్య అల్లికలో ప్రతి బద్దా కిర్రుమంది. అది నోరు తెరిచింది. పిల్ల మెడ ఎత్తి, తల మొత్తం ఆ సంచిలో దూర్చింది.

కింద ఎవరూ అరవలేదు, బెదురుతుందని. కూర్మారావు తువ్వాలులో మొహం దాచుకున్నాడు, చెమటట. తవిటమ్మ లోలాక్షి చేతులు పట్టుకుని, ఆ గాయాల మీద మిగిలిన పసుపు అద్దింది.

ఆ పిల్ల ఎగిరిపోయాక నన్ను దింపుతారనుకున్నాను. "ఉండనీ" అంది తవిటమ్మ. మరుసటి యేడు బాతులొచ్చాక లోలాక్షి గూళ్ళు లెక్కరాయడానికి వచ్చింది. "సార్, ఇది గూడని రాయాలా, గంపని రాయాలా?" అని పైకి చూస్తూ అడిగింది.

"బాతు ఏటనుకుంతే అదే రాయి" అన్నాడు కూర్మారావు. గూడని రాసింది.

అదే రోజు తవిటమ్మ సంతనుంచి కొత్త గంపతో వచ్చింది. పెరట్లో దాన్ని తిప్పి, మోకాలితో నొక్కి, "ఇది గంపేటి, జల్లెడ! పాతది ఎలగుండేదనుకున్నావు, బంగారం!" అంది.

ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట. దిగి వచ్చి మరోసారి అనిపించుకుందామనే ఉంది గానీ, కదలడానికి లేదు. ఒళ్ళో మూడు గుడ్లున్నాయి.