వంటింట్లో ప్లగ్గు

మా అన్నయ్య మంచివాడు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను. జరిగింది విన్నాక ఎవరికైనా అతన్ని తిట్టాలనిపిస్తుంది. నేనూ కసితీరా తిట్టాను. అయినా మంచివాడే.

అన్నయ్యది వడ్రంగం పని. ఇంటి వెనక రేకుల షెడ్డులో అతనూ వదినా కలిసి, పిల్లలు ఎక్కి ఊగే చెక్క గుర్రాలు చేసేవారు. చెక్క కోయడం, కాళ్లు బిగించడం అతని వంతు. మొహాలు వదిన వంతు. కళ్లు, ముక్కుపుటాలు, జూలు అన్నీ ఆమె ఉలి కింద పుట్టేవి. ఏ రెండు గుర్రాలకూ ఒకే మొహం ఉండేది కాదు. ఒకటి నవ్వుతున్నట్టుంటే ఇంకొకటి మూతి ముడుచుకున్నట్టుండేది. మూతి ముడిచినదాన్ని చూపించి "ఇది అచ్చం నీ పోలికే వదినా" అనేదాన్ని. తన పోలిక కాదనీ, ఆ ఇంటి ఆడపడుచు పోలికనీ ఆమె అనేది. ముందు గదిలో బట్టలు కుట్టుకుంటూ నేనూ వాళ్లతోనే ఉంటాను కనుక, మా ఇద్దరికీ ఈ కాలక్షేపం రోజూ ఉండేది.

షెడ్డులో ఒక కోత మిషను ఉంది. బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి తేలి ఉంటుంది. దాని స్విచ్ ఎప్పుడో కాలిపోయింది. కొత్తది వేయించకుండా అన్నయ్య రెండు తీగలూ కలిపి, టేపు చుట్టి, డైరెక్టు చేసేశాడు. షెడ్డులో పెద్ద ప్లగ్గుకి సాకెట్ లేదు. అందుకని మిషను వైరు పెరడు దాటి, వంటింటి కిటికీలోంచి దూరి, పొయ్యి గట్టు పక్కనున్న సాకెట్ దాకా వచ్చేది. వంటింట్లో ప్లగ్గు పెడితే షెడ్డులో బ్లేడు తిరుగుతుంది. పెట్టేవాళ్లకి బ్లేడు కనపడదు. బ్లేడు దగ్గరున్నవాళ్లకి ప్లగ్గు కనపడదు.

దీనికి వాళ్లిద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. ప్లగ్గు పెట్టబోయే మనిషి "వేస్తున్నా" అని కేక వేయాలి. షెడ్డులో ఎవరుంటే వాళ్లు మిషను నుంచి వెనక్కి జరిగి "వెయ్యి" అనాలి. జవాబు రాకపోతే ప్లగ్గు ముట్టుకోకూడదు. పెరట్లోకి వెళ్లి, షెడ్డులోకి తొంగి చూసి రావాలి. కొన్నేళ్లు ఈ పద్ధతి ఏ లోటూ లేకుండా నడిచింది. మా ఇంట్లో గడియారం కంటే ఆ రెండు మాటలే ఎక్కువ వినపడేవి.

మా వీధి కరెంటు మేస్త్రీని అందరూ టెస్టరు బాబాయి అంటారు. నిద్రలో కూడా ఆయన జేబులో టెస్టరు ఉంటుందని పిన్నే చెబుతుంది. ఆయన ఈ ఏర్పాటు చూసి నవ్వాలో ఏడవాలో తెలియక నిలబడిపోయాడు.

"మనిషి గొంతుని స్విచ్ చేసుకున్నవాళ్లని నేనెక్కడా చూడలేదురా. గొంతుకి జలుబు చేస్తే ఏం చేస్తావు?" అన్నాడు.

సాకెట్ చేతికందే దూరంలో ఉండాలన్నాడు. మిషనుకి దాని స్విచ్ దానికుండాలన్నాడు. బ్లేడు తుడవడానికైనా సరే, ముందు ప్లగ్గు పీకి కళ్లెదురుగా పెట్టుకోవాలన్నాడు. ఎర్త్ లేని ఇనప మిషను మీద చేయి వేస్తే ఏమవుతుందో కూడా చెప్పాడు. అన్నయ్య తలూపాడు. తలూపడంలో అతన్ని మించినవాడు లేడు.

ఒక ముసురు రోజున వదిన మిషను బల్ల మీద చేయి ఆనించగానే మోచేతి దాకా జివ్వుమంది. ఆమె అక్కడే కూలబడింది. అన్నయ్య కంగారుపడి, చేయి రుద్ది, వైరు మీద ఇంకో చుట్టు టేపు వేశాడు. బాబాయిని పిలిపించమని ఆమె అడిగితే, చేతిలో ఉన్న గుర్రాలు పూర్తికానీ చూద్దాంలే అన్నాడు. మర్నాడు అడిగితే కూడా చూద్దాంలేనే. మూడోసారి అడిగినప్పుడు, ఇన్నేళ్లుగా ఏమీ కాలేదు కదా, కేక వేస్తున్నాం, పలుకుతున్నాం, ఇంకేం కావాలి అన్నాడు.

"నేను మనిషినా, మీ స్విచ్‌నా? అది మార్చేదాకా నా గొంతు మీకు దొరకదు" అంది వదిన.

నిజంగానే దొరకలేదు. వదినది ఉడుం పట్టు. ఇక రాయబారమంతా నాది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, మీ అన్నయ్యని అన్నానికి రమ్మను అని ఆమె, మీ వదినని ఉప్పు తెమ్మను అని అతనూ నాకు చెప్పేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది.

షెడ్డులో కూడా వదిన నోరు విప్పలేదు. అన్నయ్య వంటింట్లోంచి కేక వేసేవాడు, జవాబు వచ్చేది కాదు. గొణుక్కుంటూ పెరడు దాటి తొంగి చూసేవాడు. ఆమె తాపీగా వెనక్కి జరిగి, చేతులు కట్టుకుని, తల ఎత్తకుండా చిన్నగా నవ్వేది. అతను మళ్లీ వెనక్కి నడిచి ప్లగ్గు పెట్టేవాడు. రోజంతా ఇదే తంతు. ఆ నవ్వు అతనికి ఎక్కడో గుచ్చుకునేది. నన్ను అటూ ఇటూ తిప్పి వేడుక చూస్తోంది మీ వదిన, అని నాతో అన్నాడు. ఆ తిరుగుడు తప్పాలంటే బాబాయికి ఒక్క కబురు చాలు. ఆ కబురు పెడితే ఓడిపోయినట్టవుతుందని అతని బాధ.

ఆ రోజు అన్నయ్య ప్లగ్గు పీకి, మంచినీళ్లు తాగి, మళ్లీ పనిలోకి దిగబోతున్నాడు. ఈలోగా వదిన బ్లేడు చుట్టూ పేరుకున్న రంపపు పొట్టు చేత్తో తీస్తోందని అతనికి తెలియదు. ముందు గదిలో కుడుతున్న నాకు "వేస్తున్నా" అన్న కేక వినపడింది. జవాబు లేదు. అతను వెనక గుమ్మం దిగాడు. పెరట్లో బట్టలు ఆరేసే తీగ దాకా నడిచాడు. ఇంకాస్త ముందుకెళితే షెడ్డు లోపల అంతా కనపడుతుంది. అక్కడ ఆగాడు. ఆ నవ్వు మళ్లీ చూడాలా అనుకున్నాడట. వెనక్కి తిరిగి వచ్చి ప్లగ్గు పెట్టాడు.

షెడ్డులోంచి వదిన కేక విని నేను వంటింట్లోకి పరిగెత్తి ప్లగ్గు పీకేశాను. అన్నయ్య అప్పటికే షెడ్డులో ఉన్నాడు. వదిన కుడిచేయి కొంగులో చుట్టుకుని గోడకి చేరగిలబడి ఉంది. కొంగు తడిసిపోతోంది. "ప్లగ్గు తీశారా?" అని అడిగింది. అన్ని రోజుల తర్వాత ఆమె అతనితో మాట్లాడిన మొదటి మాట అది. మిషను పక్కన నిలబడ్డ అతన్ని చూసి, అతనికేమైనా అవుతుందేమోనని అడిగింది.

కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ పోయాయి. ఆసుపత్రిలో అన్నయ్య మంచం పట్టీ మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"అలిగింది కదా, అందుకే పలకలేదనుకున్నాను" అన్నాడు నాతో. ఇంకా రాయబారం అలవాటు పోలేదు.

వదిన కళ్లు మూసుకునే ఉంది. "నేను పలకకపోతే మీరు వెయ్యరనుకున్నాను" అంది. నాతో కాదు, అతనితోనే.

ఆమె అతన్ని అంత నమ్మింది కనుకే మౌనంగా ఉండగలిగింది. ఆ నమ్మకం మీద నిలబడి పంతం పట్టింది. ఇద్దరిలో ఎవరిని అనను?

టెస్టరు బాబాయి ఈసారి హాస్యాలాడలేదు. షెడ్డు గోడకి పెద్ద సాకెట్ ఉన్న కొత్త బోర్డు బిగించాడు. ఎర్త్ వేశాడు. తేడా వస్తే తనంతట తానే పడిపోయే ట్రిప్పర్ పెట్టాడు. మిషనుకి ఎర్ర బటను స్విచ్ అమర్చాడు. పెరడు మీది వైరు చుట్టచుట్టి అవతల పారేశాడు. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాల వేళకి అంతా అయిపోయింది.

"ఇంతేనా బాబాయ్?" అన్నాడు అన్నయ్య.

"ఇంతేరా."

అన్నయ్య ఆ బోర్డు వంకే చూస్తూ నిలబడ్డాడు. ఆ "ఇంతేరా" అతన్ని తిన్నంతగా నా తిట్లు తినలేదు.

అప్పటినుంచి వదినకి జడ అతనే వేస్తున్నాడు. మొదట్లో అది పక్కకి వంకరపోయేది. వడ్రంగివాడు జడ వేసినా చిత్రిక పట్టినట్టే ఉంటుందని నేనంటే వదిన కాస్త నవ్వింది. ఎడమచేత్తో ఉలి పట్టడం నేర్చుకుంటోంది. గుర్రం కన్ను ఎటో పోతుంది, మళ్లీ చెక్కుతుంది. కొన్ని గుర్రాలు మొహాల్లేకుండా గోడ వారన అలాగే ఉన్నాయి.

మొన్న వదినని కట్టు మార్పించడానికి నేను తీసుకెళ్లాను. మేం బయల్దేరేటప్పుడు అన్నయ్య కోయాల్సిన చెక్కలన్నీ మిషను పక్కన పేర్చుకుంటున్నాడు. సాయంత్రం వచ్చి చూస్తే ఆ చెక్కలు పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. కింద పొట్టు రాలలేదు. అతను ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు.

ఒంట్లో బాగాలేదా అని వదిన అడిగింది. బాగానే ఉందన్నాడు.

"మరి మిషను వేయలేదేం?"

"వేస్తున్నా అన్నాను" అన్నాడు అన్నయ్య. "ఎవరూ పలకలేదు."

షెడ్డులో అతను తప్ప ఎవరూ లేరు. బ్లేడు అతని కళ్లెదురుగానే ఉంది, ఎర్ర బటను చేతికందే దూరంలో ఉంది.

వదిన వెళ్లి అతని పక్కన నిలబడింది. మిషను వైపు ఒకసారి చూసి, వెనక్కి జరిగింది.

"వెయ్యండి" అంది.

అతను బటను నొక్కలేదు. లేచి, గోడ బోర్డులోంచి ప్లగ్గు తీసి, ఆమె ఎడమచేతిలో పెట్టాడు. చీకటి పడుతోందనీ, రేపు కోస్తాననీ అన్నాడు. ఆమె దాన్ని గట్టిగా పట్టుకుని, అతను బల్ల తుడవడం అయ్యేదాకా అక్కడే నిలబడింది.