హెల్మెట్ తీయమనని డాక్టరు

మీరే చేశారు. గేటు దగ్గర కుర్చీలో కూర్చుని నెలనెలా మమ్మల్ని పరీక్ష చేసే కంపెనీ డాక్టరుగారూ, పక్కనే నిలబడి హెల్మెట్లు లెక్కపెట్టే మేనేజరుగారూ, మీకే చెప్తున్నా. మా బావ నెత్తి మీద పుండు ఏడాదిపాటు మీ ముందే పెరిగింది.

మేం కప్పులకు రేకులు బిగించేవాళ్ళం. గేటు దాటాలంటే హెల్మెట్ ఉండాలి. పైకెక్కి వంగితే అది జారి కళ్ళ మీద పడుతుంది, అందుకని తీసి కొక్కేనికి తగిలిస్తాం. ఇక రోజంతా పైన ఎండ, కింద కాలే రేకు. బావది బట్టతల. "ఒరేయ్ బామ్మర్దీ, నా నెత్తి మీద నీళ్ళు కాచుకోవచ్చురా" అనేవాడు.

పుండును ముందు పట్టుకున్నది సెలూన్ అతను. "అన్నా, ఇది మానట్లేదు. డాక్టరుకు చూపించు." నెలనెలా పరీక్షలో బావ మీకే చెప్పుకున్నాడు, డాక్టరుగారూ. హెల్మెట్ తీయమన్లేదు మీరు. "ఏదో గీరుకుని ఉంటుంది" అని పూతమందు ట్యూబు ఇచ్చారు. మూడుసార్లు. గేటు దగ్గర తీస్తే రూలు తప్పాడని రాస్తారని బావ కూడా తీయలేదు. తుప్పు గీకకుండా రంగు వేయకూడదని తెలిసినవాళ్ళం, పుండు మీద మందు పూస్తూ కూర్చున్నాం. ఆ తప్పు మాదే.

పెద్దాసుపత్రిలో చర్మ క్యాన్సర్ అన్నారు. ఎముక బయటపడేదాకా అరచేయంత కోసి తీసేశారు. అంచుల్లో జబ్బు మిగల్లేదని ల్యాబు చెప్పాక సర్జనమ్మ కాగితం మీద గీసి చూపించింది.

"ఒట్టి ఎముక మీద తోలు అతికిస్తే బతకదు, రక్తం అందదు. పక్కనున్న తలచర్మాన్ని రక్తనాళాలతో సహా తిప్పి దీని మీదికి లాగుతాను. అది పక్కకు జరిగి ఖాళీ అయిన చోట తొడ మీంచి పల్చటి పొర తీసి వేస్తాను."

"అంటే రేకు జరిపి, ఖాళీలో మాటు వేయడం," అన్నాడు బావ. "మరి అక్కడన్నా వెంట్రుకలు మొలుస్తాయా తల్లీ?"

"మొలవవు."

"అబ్బే, తొడ కూడా దండగే!"

అక్క నవ్వలేదు. "నోరు మూసుకుని పడుకో," అంది.

రెండు నెలలకు నెత్తిన టోపీ పెట్టుకుని పనిలోకి వచ్చాడు. గేటు దగ్గరే మేనేజరుగారూ, మీరు కాగితం తోశారు.

"ఇది నీ సొంత జబ్బని సంతకం పెట్టు, నీడలో పని ఇస్తా. లేదా ఇంటికెళ్ళు. ఆ టోపీ మాత్రం తీయకు, మనుషులు జడుసుకుంటారు."

బావ టోపీ తీసి కాగితం మీద పెట్టాడు. డాక్టరుగారూ, మీ ముందు తల వంచాడు. నున్నటి మాటు, పల్లం, చుట్టూ కుట్ల గీత.

"ఇప్పుడైనా చూడండి. హెల్మెట్ లేదుగా."

మీరు గేటు వైపు చూశారు.

వెనకున్న మేమందరం హెల్మెట్లు తీసేశాం. బావ ఒక్కో నెత్తీ చూసుకుంటూ వచ్చి ఇద్దరి దగ్గర ఆగాడు. "నాది మొదట ఇలాగే ఉండేదిరా," అన్నాడు.

అందుకే ఇక్కడే, గేటు ముందే కూర్చున్నాం. ఆ ఇద్దర్నీ ఇవాళే పెద్దాసుపత్రికి పంపండి. జారని పట్టీ, ఎండ ఆపే అంచు ఉన్న హెల్మెట్లు తెప్పించండి. ఆ కాగితం చింపి మా బావకు నీడలో పని ఇవ్వండి. అప్పటిదాకా ఒక్క రేకు కూడా పైకెక్కదు.